షిప్‌లో సేఫ్టీ ఆఫీసర్ బాధ్యత నాకిచ్చారు, కాగితాలు పక్కన పెడితే అసలు పని ఎక్కడ మొదలుపెట్టాలి?

హనుమకొండ_డెక్:

అందరికీ నమస్తే. మాది హనుమకొండ. మర్చంట్ నేవీలో థర్డ్ ఆఫీసర్‌ని (థర్డ్ మేట్ అన్నా అదే), ఇప్పుడు లీవ్ మీద ఇంటికి వచ్చాను. వచ్చే నెల ఒక బల్క్ క్యారియర్ (బొగ్గు, ధాన్యం లాంటి సరుకుని విడిగా పోసి మోసే షిప్) జాయిన్ కావాలి, ఇండోనేషియాలో బొగ్గు లోడింగ్ అని చెప్పారు. జాయినింగ్ కాగితాలతో వచ్చిన మెయిల్‌లో చివర ఒక లైన్ ఉంది, షిప్‌లో సేఫ్టీ ఆఫీసర్ బాధ్యత కూడా నాదేనట. ఏం చేయాలి, ఎంతవరకు చేయాలి అన్నది ఎక్కడా రాయలేదు.

లైఫ్‌బోట్లు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు, లైఫ్‌జాకెట్లు చూసుకోవడం నాకు అలవాటే, థర్డ్ మేట్ అంటే ఎలాగూ ఆ పని ఉంటుంది. కానీ సామాన్లు చూసుకోవడం వేరు, ఇరవై మందికి పైగా మనుషులు దెబ్బ తగలకుండా, జబ్బు పడకుండా పని చేసేలా చూడటం వేరు. నా టెన్షన్ అంతా ఆ రెండో దాని గురించే.

పోయినసారి నేను చేసిన షిప్‌లో సేఫ్టీ కమిటీ మీటింగ్ నెలనెలా జరిగేది. మెస్ రూమ్‌లో అందరం కూర్చునేవాళ్లం, పోయిన నెల మినిట్స్ తెరిచి తేదీ మార్చేవారు, ఎవరైనా ఏమైనా చెప్పాలా అని అడిగితే ఎవరూ మాట్లాడేవారు కాదు, సంతకాలు పెట్టి లేచేవాళ్లం. అదే షిప్‌లో గ్యాలీ (వంటగది) బయట మెట్టు ఒకటి ఊగుతోందని కుక్ నాతో చెప్పాడు, ఫిట్టర్‌తో చెప్పాడు, కనపడిన వాళ్లందరితో చెప్పాడు, మీటింగ్‌లో మాత్రం నోరు విప్పలేదు. వేడి వేడి సాంబారు గిన్నె పట్టుకుని రోజూ ఆ మెట్టు మీదుగానే దిగేవాడు.

ఇంకోటి రెస్ట్ అవర్స్, అంటే రూలు ప్రకారం దొరకాల్సిన విశ్రాంతి గంటల లెక్క. పోర్టులో రెండు రోజులు సరిగ్గా నిద్ర లేకుండా పని చేస్తాం, కంప్యూటర్‌లో రూలు తప్పిన గడులు ఎర్రగా వస్తాయి, ఆడిట్ వస్తోంది సర్దేయండి అంటారు. ఇప్పుడు ఆ సర్దే పని నా చేతికే వస్తుందేమోనని భయంగా ఉంది. బోసన్ల (డెక్ సిబ్బందికి పెద్దల) సంగతి కూడా తెలుసు కదా, కొందరు మా నాన్న వయసు వాళ్లు, నేను పుట్టకముందు నుంచి సముద్రం మీద ఉన్నవాళ్లు, పర్మిట్ కాగితం లేకుండా, లంగరు గొలుసు ఉండే చైన్ లాకర్‌లోకి దిగొద్దు అని నేను వాళ్లకు ఎలా చెప్పాలి? రేపు ఏదైనా జరిగితే చట్టం ప్రకారం నా మీద పడేది ఎంత? షిప్పుల్లో చేసినవాళ్లే కాదు, ఇలాంటి ప్రమాదం ఉన్న పనులు చేసినవాళ్లు ఎవరైనా సరే చెప్పండి.


కరీంనగర్_మేట్:

తమ్మీ, ముందు ఆ మెయిల్ లైన్‌ని అలాగే వదిలెయ్యకు. జాయిన్ కాకముందే ఆఫీసుకి రిప్లై పెట్టి, కంపెనీ సేఫ్టీ మేనేజ్‌మెంట్ మాన్యువల్‌లో సేఫ్టీ ఆఫీసర్ గురించి ఉన్న పేజీలు పంపమని అడుగు. ఎవరి బాధ్యత ఏంటి, ఎవరి అధికారం ఎంత అన్నది కంపెనీ రాతపూర్వకంగా పెట్టుకోవాలని షిప్పుల భద్రత నిర్వహణకున్న అంతర్జాతీయ నియమావళి ఐఎస్‌ఎం కోడే చెబుతుంది, కాబట్టి నువ్వు అడిగింది ఎక్కువేం కాదు. చాలా కంపెనీల్లో ఈ బాధ్యత చీఫ్ మేట్‌కి ఇస్తారు, కొన్నిట్లో థర్డ్ మేట్‌కి ఇస్తారు. ఎవరికిచ్చినా, ప్రమాదం అనిపించినప్పుడు పని ఆపించే అధికారం ఉందా లేదా అన్నది కాగితం మీద కనపడాలి.

చట్టం సంగతి. ఎంఎల్‌సీ 2006 (నావికుల పని పరిస్థితుల మీద అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం షిప్‌లో ఆరోగ్య భద్రత అమలు చూసే బాధ్యత కెప్టెన్‌ది, లేదా కెప్టెన్ నియమించిన మనిషిది, లేదా ఇద్దరిదీ అని షిప్ రిజిస్టర్ అయిన జెండా దేశం తన చట్టంలో స్పష్టంగా చెప్పాలి. నిన్ను నియమించినంత మాత్రాన కెప్టెన్ పక్కకు తప్పుకోలేడు, కంపెనీ అసలే తప్పుకోలేదు. మన దేశం 2015లో ఆ ఒప్పందంలో చేరింది, కానీ నీ షిప్ మీద ఏ దేశం జెండా ఉంటే ఆ దేశం చట్టమే నడుస్తుంది, అది పనామానా లైబీరియానా అన్నది ముందే కనుక్కో. అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది సిబ్బంది ఉంటే సేఫ్టీ కమిటీ ఉండి తీరాలన్నది కూడా ఎంఎల్‌సీలోదే. అందులో సిబ్బంది తరఫున కూర్చునే సేఫ్టీ రిప్రజెంటేటివ్ ఉంటాడు. ఆ మనిషిని ఆఫీసర్లు ఎంపిక చేయకుండా, సిబ్బందినే ఎన్నుకోనివ్వు. సగం మార్పు అక్కడే వస్తుంది.

నీ కుక్ మీటింగ్‌లో ఎందుకు మాట్లాడలేదో నాకు అర్థమవుతుంది. కెప్టెన్, చీఫ్ ఇంజనీర్ ఎదురుగా కూర్చుంటే, తర్వాతి కాంట్రాక్టుకు వాళ్ల రిపోర్టే ఆధారమైతే, మెట్టు ఊగుతోందని చెప్పడానికి కూడా ధైర్యం కావాలి. నేను చేసేది ఏంటంటే, మీటింగ్ ముందు రోజు సాయంత్రం మెస్ రూమ్‌లోకి, గ్యాలీలోకి, వర్క్‌షాప్‌లోకి ఒక చిన్న నోట్‌బుక్ పట్టుకుని వెళ్తాను. ఏం పని చేసేటప్పుడు భయమేస్తోంది, ఏ పనిముట్టు సరిగా లేదు అని ఒక్కొక్కరిని విడిగా అడుగుతాను. పేర్లు రాసుకోను. మర్నాడు మీటింగ్‌లో ఆ విషయాలన్నీ నేనే ఎత్తుతాను, ప్రతిదానికీ ఎవరు బాగు చేస్తారు, ఏ తేదీలోపు అని అక్కడే రాయిస్తాను. వచ్చే మీటింగ్ ఆ జాబితాతోనే మొదలవ్వాలి. చెప్పిన మెట్టు బాగుపడిందని కుక్ కళ్లారా చూస్తే తర్వాతిసారి వాడే చెయ్యెత్తుతాడు.

ఇప్పుడు అసలైనది. నువ్వు బొగ్గు షిప్ ఎక్కుతున్నావు కాబట్టి మిగతావన్నీ ఒక ఎత్తు, మూసి ఉన్న చోట్లలోకి దిగడం ఒక ఎత్తు. హోల్డులోకి (సరుకు నింపే అరలోకి) దిగే మెట్ల దారి, చైన్ లాకర్, బ్యాలస్ట్ ట్యాంకులు (షిప్ నిలకడ కోసం నీళ్లు నింపేవి), వాయిడ్ స్పేస్‌లు (ఖాళీగా మూసి ఉంచే అరలు). చైన్ లాకర్‌లో సరుకేం ఉండదు కదా అనుకుంటారు, కానీ తడిసిన ఇనుము తుప్పు పడుతూ లోపలి ఆక్సిజన్‌ని తినేస్తుంది. బొగ్గు కూడా అంతే, ఆక్సిజన్ పీల్చుకుంటుంది, పైగా మీథేన్ వదులుతుంది, వేడెక్కితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. కంటికి కనపడదు, మీథేన్‌కీ మోనాక్సైడ్‌కీ వాసన కూడా ఉండదు.

ఒకసారి సరుకు దించే డిశ్చార్జ్ పోర్టుకు చేరాం, హ్యాచ్ కవర్లు (హోల్డు పైనుండే పెద్ద మూతలు) ఇంకా తెరవలేదు, పోర్టు నుంచి వచ్చిన ఒకాయన దిగి సరుకు పైపైన చూసొస్తానని తొందర పెడుతున్నాడు. నిచ్చెన దారి మూత తీశాం. మీటర్‌కి సన్నని గొట్టం తగిలించి కిందికి వదిలాను. మూత దగ్గర ఆక్సిజన్ 20.8 శాతం. రెండో ప్లాట్‌ఫామ్ ఎత్తుకి వచ్చేసరికి 16. గొట్టం పొడవుని బట్టి కింది గాలి మీటర్ దాకా రావడానికి కొంత సమయం పడుతుంది, ఆ సమయం ఆగకుండా చూస్తే పై గాలే చూపిస్తుంది, అందుకని ఆగాం. బొగ్గు దగ్గరికి వచ్చేసరికి 9కి పడిపోయింది, మీటర్ మోగుతూనే ఉంది. 9 శాతంలో మనిషికి కేక వేసే టైం కూడా ఉండదు, నిచ్చెన మీద నుంచే జారి పడిపోతాడు. అంతసేపూ తొందర పెట్టినాయన ఆ అంకె చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. హ్యాచ్ కవర్లు తెరిపించి, గాలి ఆడాక మళ్లీ మూడు ఎత్తుల్లోనూ కొలిచి, మామూలు గాలిలాగే 20.9 చూపించాకే దిగనిచ్చాం. మూత దగ్గర ఒక్కసారి కొలిచి టిక్ పెట్టి ఉంటే ఆయన దిగేవాడే.

అందుకే పర్మిట్‌ని ఆఫీసులో కూర్చుని నింపొద్దు, ఆ మూత పక్కన నిలబడి నింపు. పైన ఒక మనిషి కదలకుండా ఉండాలి, వాడికి ఇంకో పని చెప్పొద్దు. శ్వాస పరికరం, హార్నెస్, తాడు మూత దగ్గరికి వచ్చాకే మొదటి మనిషి కాలు లోపల పెట్టాలి. ఈఈబీడీ తగిలించుకుని దిగుతానంటే ఒప్పుకోవద్దు, అది తప్పించుకుని బయటికి రావడానికి ఇచ్చే చిన్న సిలిండర్, లోపలికి వెళ్లడానికి కాదు. 2015 నుంచి రెండు నెలలకోసారి ఈ ఎంట్రీ, రెస్క్యూ డ్రిల్లు చేయాలని సోలాస్‌లో (సముద్ర భద్రత మీద అంతర్జాతీయ ఒప్పందంలో) ఉంది. డ్రిల్లులో నిజమైన బరువున్న బొమ్మని నిజమైన మూతలోంచి పైకి లాగించి చూడు, తాడు ఎక్కడ తట్టుకుంటుందో, స్ట్రెచర్ ఆ మూతలో పడుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది.

బోసన్ గురించి భయపడకు. ఆయన్ని పక్కకు పిలిచి, ఈ షిప్‌లో మీకు నమ్మకం లేని చోట్లు ఏవి బోసన్ సాబ్ అని అడుగు. ముప్పై ఏళ్లు చేసినవాడికి కచ్చితంగా కొన్ని తెలుస్తాయి. పని మొదలుపెట్టే ముందు పెట్టే టూల్‌బాక్స్ మీటింగ్ ఆయన చేతే చెప్పించు. కుర్రవాళ్ల ముందు తన నోటితో చెప్పిన మాటని తనే దాటడం ఏ పెద్దమనిషికీ ఇష్టం ఉండదు.

మూరింగ్ (షిప్‌ని రేవుకి తాళ్లతో కట్టడం) గురించి ఒక్క మాట. డెక్ మీద స్నాప్‌బ్యాక్ జోన్ (తెగిన తాడు వెనక్కి కొట్టే చోటు) అని పసుపు గీతలు ఉంటే ఆ గీత అవతల క్షేమం అనుకుని నిలబడతారు. తాడు తెగితే ఎటు కొడుతుందో గీతకి తెలియదు, మూరింగ్ డెక్ మొత్తం ప్రమాదమే అని చెప్పు.


గోదావరిఖని_ఓవర్‌మెన్:

బాబూ, నేను షిప్ ఎక్కలేదు, సముద్రాన్ని విశాఖలో ఒడ్డు మీద నిలబడి చూసిందే. సింగరేణి బొగ్గు గనుల్లో ఓవర్‌మెన్‌గా (పనినీ భద్రతనీ చూసే సూపర్‌వైజర్‌గా) చేసి రిటైర్ అయ్యాను. మేట్ గారు రాసిన బొగ్గు సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

బొగ్గు బాయిలో ఉన్నా, షిప్ హోల్డులో ఉన్నా దాని గుణం ఒకటే. పగిలిన బొగ్గు, దానికి తగిలే కొంచెం గాలి, బయటికి పోలేని వేడి, ఈ మూడూ కలిస్తే లోపల్లోపలే రాజుకుంటుంది. పొగ రావడానికి చాలా ముందే కార్బన్ మోనాక్సైడ్ పెరగడం మొదలవుతుంది, మేము సీల్ చేసిన ప్యానెళ్ల (మూసేసిన గని భాగాల) వెనక గాలి తీసి చూసేది అందుకే. ఒక్క రోజు రీడింగ్ చూసి ఏమీ చెప్పలేం. నిన్న ఎంత, ఇవాళ ఎంత, పెరుగుతోందా, ఆక్సిజన్ తగ్గినదానికి అది సరిపోతోందా అని వరసగా చూడాలి. మీ షిప్పుల్లో కూడా హోల్డు మూతలు తెరవకుండా రోజూ గాలి తీసి చూస్తారని విన్నాను, ఆ అంకెల పుస్తకం నీ చేతిలో ఉంచుకో.

బాయి గాలికి మాకున్న నియమం ఏమిటంటే, ఆక్సిజన్ 19 శాతం కంటే తగ్గకూడదు, కార్బన్ డయాక్సైడ్ అర శాతం దాటకూడదు. షిఫ్ట్ మొదలవడానికి ముందు రెండు గంటలలోపు సర్దార్ (గనిలో కింది స్థాయి తనిఖీ మనిషి) వెళ్లి పని జాగాలన్నీ చూసి రాయాలి. ఆయన బాగుంది అనకుండా మేనేజర్ చెప్పినా లోపలికి పోయేవాళ్లు కాదు, పోనిచ్చేవాళ్లం కాదు. సర్దార్ జీతం తక్కువ, హోదా తక్కువ, కానీ ఆ మాట దగ్గర మాత్రం ఆయనే పెద్ద. మీ షిప్‌లో ఆ చోటు నీది అనుకుంటున్నాను.

పాతకాలం మనుషులు దీపం దించి చూస్తే చాలు అంటారు, పల్లెల్లో పాత బావి పూడిక తీసేటప్పుడు ఇప్పటికీ చేస్తారు. ఆక్సిజన్ 16, 17 శాతానికి పడితే దీపం ఆరిపోతుంది, అది నిజం. కానీ మోనాక్సైడ్ ఉంటే దీపం నిక్షేపంగా వెలుగుతూనే ఉంటుంది, మనిషి పడిపోతాడు. కాబట్టి దీపాన్నీ నమ్మొద్దు, ఒక్క ఆక్సిజన్ అంకెనీ నమ్మొద్దు, అన్ని వాయువులూ చూపించే మీటర్‌తోనే చూడు.

ఇంకొక్కటి, ఇది చాలా ముఖ్యం. ఒకడు లోపల పడితే పైనున్నవాడు ఆగలేడు. మన పల్లెల్లో బావుల్లో జరిగేది ఇదే, తమ్ముడు పడ్డాడని అన్న దిగుతాడు, అన్న రాలేదని పక్క పొలం అతను దిగుతాడు, ముగ్గురినీ కలిపి తీస్తారు. ఆ సమయంలో ప్రేమ ఎక్కువ, ఆలోచన తక్కువ, తప్పు పట్టలేం. దానికి మందు ముందే అలవాటు చేయడం ఒక్కటే. మా రెస్క్యూ టీములు మంచి గాలి ఉన్న చోట ముందు స్థావరం పెట్టుకుంటాయి, శ్వాస పరికరాలు ఒకరివి ఒకరు తనిఖీ చేసుకుంటారు, వెనక ఇంకో టీం సిద్ధంగా ఉందా అని చూసుకుంటారు, తర్వాతే లోపలికి. ఆ ఆగడం చూసేవాళ్లకు రాతి గుండెలా కనపడుతుంది. నీ షిప్‌లో మూత దగ్గర నిలబడేవాడికి రోజూ చెప్పు, లోపల ఎవరైనా పడితే నీ పని అలారం కొట్టడం, మనుషుల్ని పిలవడం, అక్కడే నిలబడటం అని. వాడి చేత ఆ మాట తిరిగి చెప్పించు.

మాకు గని సేఫ్టీ కమిటీ, కార్మికుల తరఫున వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు ఉండేవాళ్లు, అది మైన్స్ రూల్స్‌లోనే ఉంది. కమిటీ బాగా నడిచిన గనుల్లో ఒక తేడా చూశాను. అక్కడ ప్రమాదం తప్పిపోయిన సంగతులు కూడా చెప్పుకునేవాళ్లు. పైకప్పు రాయి పక్కన పడింది, ఎవరికీ తగల్లేదు, అయినా చెప్పేవాళ్లు. చెప్పినవాణ్ని తిట్టకపోతే చెబుతారు.


కాజీపేట_సెకండ్:

కాకా చెప్పిన ఆ చివరి మాటకి షిప్‌లో నియర్ మిస్ రిపోర్ట్ అని ఫారం ఉంది. చాలా చోట్ల నెలకి ఇన్ని పంపాలని టార్గెట్ పెడతారు, దాంతో గ్లోవ్స్ వేసుకోలేదు, హెల్మెట్ పెట్టుకోలేదు అని ఇంజిన్ కంట్రోల్ రూమ్‌లో కూర్చుని కల్పించి రాసేస్తారు. నీ చేతిలో ఉంటే ఆ పని చేయించకు. నెలకి ఒక్కటి వచ్చినా నిజంగా జరిగింది రాయించు.

నువ్వు డెక్ మనిషివి కాబట్టి ఇంజిన్ రూమ్ వైపు రావడానికి మొహమాటపడతావు, సేఫ్టీ ఆఫీసర్‌కి ఆ మొహమాటం ఉండకూడదు. వారానికి ఒకసారైనా కిందికి దిగు. స్టాండ్‌బై పంపు విప్పి పని చేస్తున్నప్పుడు ప్రెషర్ పడిందంటే అది ఆటోలో దానంతటదే స్టార్ట్ అవుతుంది, అందుకే బ్రేకర్ ఆపి, తాళం వేసి, ట్యాగ్ కట్టి, తాళంచెవి పనిచేసేవాడి జేబులోనే ఉండాలి. కంట్రోల్ రూమ్‌లో ఆపాం అని చెబితే సరిపోదు. నువ్వు వెళ్లినప్పుడు తాళంచెవి ఎవరి దగ్గరుంది అని ఒక్క ప్రశ్న అడుగు, ఆ జవాబుతోనే ఆ ఇంజిన్ రూమ్ ఎలా నడుస్తోందో తెలిసిపోతుంది.

చెవులు కూడా ఆరోగ్యమే, ఎవరూ పట్టించుకోరు. మెషినరీ ఉన్న చోట 110 డెసిబెల్స్ వరకు ఉండొచ్చని ఐఎంఓ (అంతర్జాతీయ సముద్ర సంస్థ) నాయిస్ కోడే ఒప్పుకుంటుంది, 85 దాటితే చెవులకు రక్షణ తప్పనిసరి. నలభై దాటిన ఆయిలర్లని (ఇంజిన్ రూమ్ సిబ్బందిని) చూడు, ఫోన్‌లో ఇంట్లోవాళ్లతో ఎంత గట్టిగా మాట్లాడతారో.

ఇక రెస్ట్ అవర్స్. 24 గంటల్లో కనీసం 10 గంటలు, ఏడు రోజుల్లో కనీసం 77 గంటలు విశ్రాంతి. ఆ పది గంటల్ని రెండు ముక్కల కంటే ఎక్కువ చేయకూడదు, అందులో ఒక ముక్క కనీసం 6 గంటలు ఉండాలి. రాత్రి అలారం వచ్చి లేపితే పోయిన నిద్రకి బదులు విశ్రాంతి ఇవ్వాలి, ఇది కూడా రూలే. షిప్‌కో మనుషులకో నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు కెప్టెన్ ఈ లెక్కని పక్కన పెట్టి ఎన్ని గంటలైనా పని చెప్పొచ్చు, తర్వాత విశ్రాంతి ఇవ్వాలి. కార్గో తొందర ఆ ప్రమాదం కిందికి రాదు.

సర్దేయమంటే ఏం చేయాలి అన్నావు. నీ గంటలు నువ్వు నిజంగా రాయి, మిగతావాళ్లని కూడా నిజం రాసుకోనివ్వు, ఎరుపు వచ్చిన ప్రతి చోటా కారణం ఒక లైన్ రాయి, పోర్టులో వరసగా షిఫ్టింగ్, ట్యాంక్ క్లీనింగ్, ఏదైతే అది. ఆఫీసులో కూర్చున్నవాళ్లకి ఇంకో మనిషిని పంపాలా, ఆ పనిని మర్నాటికి జరపాలా అన్నది ఆ ఎరుపు చూస్తేనే తెలుస్తుంది. అన్నీ పచ్చగా పంపి, మనుషులు సరిపోవట్లేదు అంటే ఎవరు నమ్ముతారు? పైగా పోర్ట్ స్టేట్ ఇన్‌స్పెక్టర్ (షిప్ ఆగిన దేశపు తనిఖీ అధికారి) వచ్చి డెక్ లాగ్‌లో మూరింగ్ టైం, నీ రెస్ట్ షీటు పక్కపక్కన పెట్టి చూస్తాడు. మూరింగ్ స్టేషన్‌లో నిలబడ్డ టైంలో నువ్వు నిద్రపోతున్నట్టు రాసి ఉంటే జవాబు చెప్పాల్సింది సంతకం పెట్టినవాడే.


వరంగల్_స్టాఫ్‌నర్స్:

మా ఆయన ఏబీ (షిప్ డెక్ మీద పనిచేసే నావికుడు), నేను ఇక్కడ ఆస్పత్రిలో నర్సుని. అందరూ దెబ్బల గురించే రాశారు తమ్ముడూ, నేను జబ్బుల గురించి రాస్తాను, ఎందుకంటే నీ బాధ్యతలో ఆరోగ్యం కూడా ఉంది.

కార్గో షిప్‌లో డాక్టర్ ఉండడు. 100 మంది లేదా ఎక్కువ మంది ఉండి, మూడు రోజులు దాటి ప్రయాణం చేసే షిప్పులకే డాక్టర్ తప్పనిసరి. మీ దగ్గర మందుల పెట్టె సాధారణంగా సెకండ్ మేట్ చేతిలో ఉంటుంది, రేడియోలోనో శాటిలైట్ ఫోన్‌లోనో డాక్టర్ సలహా పగలూ రాత్రీ ఉచితంగా దొరికేలా దేశాలు ఏర్పాటు చేయాలి, చేశాయి కూడా. కానీ ఆ సలహా పనికొచ్చేది మనిషి నొప్పి అని చెప్పినప్పుడే. మా ఆయన నడుం నొప్పిని చాలా రోజులు దాచిపెట్టాడు. చెబితే సైన్ ఆఫ్ చేసి (షిప్ నుంచి దించేసి) పంపేస్తారు, మళ్లీ పిలవరు, ఇంటి లోన్ ఉంది, ఇదీ ఆయన భయం. ఫోన్‌లో నాకు కూడా చెప్పలేదు, మెట్లు దిగేటప్పుడు ఆయన మూలిగితే పక్క క్యాబిన్ కుర్రాడు విని చెప్పాడు.

షిప్‌లో ఉండగా జబ్బు చేసినా, దెబ్బ తగిలినా వైద్యం ఖర్చు ఓనర్‌దే, ఇంటికి చేర్చే ఖర్చు కూడా ఓనర్‌దే. ఆ ఖర్చుకి ఏ దేశమైనా గడువు పెట్టాలనుకుంటే 16 వారాలకు తగ్గకూడదని ఎంఎల్‌సీలో ఉంది. దానికి సంబంధించిన ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ అందరికీ కనపడేలా షిప్‌లో అంటించి ఉంటుంది. చాలామంది ఏబీలు, ఆయిలర్లు రోజూ దాని ముందు నుంచే వెళ్తారు, అందులో ఏముందో ఎవరూ చెప్పరు. నువ్వు జాయిన్ అయ్యాక మెస్ రూమ్‌లో హిందీలోనో, వాళ్లకొచ్చిన ఇంగ్లిష్‌లోనో ఒకసారి చదివి వినిపించు, నాకు అంత చాలు.

బీపీ, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు మెడికల్‌లో చెప్పి, కాంట్రాక్టు మొత్తానికి సరిపడా, పైన ఇంకో నెలకి కూడా తీసుకెళ్లమని చెప్పు. ఇంజిన్ రూమ్ వేడిలో పని చేసేవాళ్లకి నీళ్లు దగ్గర్లో పెట్టించు. బాయిలర్ సూట్లు, బూట్లు మనిషి సైజుకి సరిపోయేవి ఇవ్వాలన్నది, ఇంటర్నెట్ గురించినది 2024 డిసెంబర్ నుంచి ఎంఎల్‌సీలో కొత్తగా అమల్లోకి వచ్చాయి, పెద్ద బూట్లలో గుడ్డలు కుక్కుకుని తిరిగే కుర్రాళ్లు ఉంటే ఆ రూలు చూపించి తెప్పించు. మాట్లాడటం మానేసి, అన్నం దగ్గరికి కూడా రాకుండా క్యాబిన్‌లోనే ఉండిపోయేవాళ్లని కూడా గమనించు. సీఫేరర్‌హెల్ప్ అని 24 గంటలూ ఉచితంగా పనిచేసే హెల్ప్‌లైన్ ఉంది, హిందీలో కూడా మాట్లాడతారు, ఆ నంబర్ మెస్ రూమ్ బోర్డు మీద పెట్టు.


హనుమకొండ_డెక్:

అన్నా, కాకా, అక్కా, అందరికీ చాలా థాంక్స్. ఆఫీసుకి మెయిల్ పెట్టాను, మాన్యువల్ పేజీలు పంపుతామన్నారు. బూట్ల సంగతి, సర్టిఫికెట్ చదివి వినిపించే సంగతి రాసుకున్నాను.

ఇంకో ప్రశ్న ఉంది. మీటర్‌లో అంకె బాగాలేదు, నేను దిగొద్దన్నాను, కానీ సర్వేయరో, షిప్‌ని అద్దెకు తీసుకున్న చార్టరర్ మనిషో తొందర పెట్టి, కెప్టెన్ కూడా పర్లేదు దిగనివ్వు అంటే? ఒక థర్డ్ మేట్ అక్కడ ఏం చేయాలి?


కరీంనగర్_మేట్:

నలుగురి ముందు వాదన పెట్టుకోకు తమ్మీ. వాకీటాకీలో, సార్ హోల్డ్ నంబర్ ఫలానా, కింద ఆక్సిజన్ ఇంత, ఎంట్రీ ఆపాను, గాలి ఆడాక మళ్లీ కొలుస్తాను అని అంకెతో సహా చెప్పు. ఆపనా అని అడగొద్దు, ఆపాను అని చెప్పు. బ్రిడ్జిలో కూర్చున్న మనిషికి తొందర మాత్రమే వినిపిస్తుంది, అంకె వినిపిస్తే చాలామంది కెప్టెన్లు సరే అంటారు. ఇంకా దిగనివ్వు అంటే, సార్ ఒక్కసారి కిందికి వచ్చి రీడింగ్ చూసి పర్మిట్ మీద సంతకం చేయండి అని మర్యాదగా అడుగు. 9 అని రాసున్న కాగితం మీద సంతకం పెట్టిన కెప్టెన్‌ని నేనింతవరకు చూడలేదు. భద్రత విషయంలో ఆఖరి నిర్ణయం కెప్టెన్‌దేనని ఐఎస్‌ఎం కోడ్‌లో ఉంది, చార్టరర్ మాట కోసం ఆయన దాన్ని వదులుకోనక్కర్లేదని చాలాసార్లు ఆయనకే గుర్తు చేయాల్సి వస్తుంది.

అది కూడా కుదరకపోతే డీపీఏ ఉన్నాడు. కంపెనీ ఆఫీసులో కూర్చుని, అందరికంటే పైనున్న యాజమాన్యంతో నేరుగా మాట్లాడగలిగే మనిషి. ఆయన పేరు, ఫోన్ నంబర్ షిప్‌లో బోర్డు మీద ఉంటుంది. ఆ పదవి ఊరికే రాలేదు. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగ్గా రేవు నుంచి బయల్దేరిన హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ ముందు తలుపులు మూయకుండానే వెళ్లి బోల్తా పడింది, 193 మంది పోయారు. తలుపులు మూశారో లేదో బ్రిడ్జిలో తెలిసేలా ఒక లైటు పెట్టండని షిప్ మీద ఉన్నవాళ్లు అంతకుముందే ఆఫీసుని అడిగారు, ఆఫీసులో ఎవరూ పట్టించుకోలేదు. విచారణలో అదంతా బయటపడింది, తర్వాత ఐఎస్‌ఎం కోడ్, అందులో ఈ డీపీఏ వచ్చాయి. కింద ఉన్నవాడి మాట పైదాకా చేరడానికే ఆ నంబర్ ఉంది, వాడుకో.

ఇదంతా నీ మీటర్ సరిగా ఉంటేనే. జాయిన్ అయిన మొదటి రోజు హ్యాండోవర్‌లో పోయే థర్డ్ మేట్‌ని గ్యాస్ మీటర్లు బయటికి తీయమని అడుగు. కాలిబ్రేషన్ సర్టిఫికెట్ తేదీ చూడు, ఆన్ చేసి స్పాన్ గ్యాస్ (ఎంత శాతమో ముందే తెలిసిన పరీక్ష గ్యాస్) పెట్టి అంకె సరిగ్గా వస్తోందా చూడు. ఆ స్పాన్ గ్యాస్ సిలిండర్ మీద కూడా గడువు తేదీ ఉంటుంది, చాలామంది అది చూడరు. గొట్టం, ఫిల్టర్ ఉన్నాయా, గొట్టం పొడవు నీ హోల్డు అడుగు దాకా సరిపోతుందా కొలువు. ఏదైనా తక్కువైతే ఆ రోజే ఆఫీసుకి రిక్విజిషన్ పెట్టు, బొగ్గు లోడింగ్ పోర్టు రాకముందే మీటర్ చేతికి రావాలి.